సాదా బైనామా: తెల్లకాగితం మీద కొన్న చెల్కకు పట్టా వచ్చేదెవరికి, రానిదెవరికి?

క్లుప్తంగా: తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకాలను క్రమబద్ధీకరించడానికి తెలంగాణ కొత్త భూ రికార్డుల చట్టమైన భూభారతి వీలు కల్పించింది. అయితే అది అందరికీ కాదు. 2014 జూన్ 2కు ముందు కొని, 2020లో ఇచ్చిన నెల రోజుల గడువులో దరఖాస్తు పెట్టిన చిన్న, సన్నకారు రైతులకే వర్తిస్తుంది. మిగిలినవారికి ఉన్నది సివిల్ కోర్టు దారి. ఏ దారిన వెళ్లినా కాగితం ఒక్కటే సరిపోదు. ఇన్నేళ్లూ భూమి ఎవరి చేతిలో ఉందో చూపించే చిన్న చిన్న రుజువులే కీలకం.

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ తహసీల్దారు ఆఫీసు ముందు కాసేపు నిలబడితే ప్లాస్టిక్ కవర్లో మడిచిపెట్టిన ఒక పాత కాగితం కనిపిస్తుంది. మడతల దగ్గర చిరుగుతూ ఉంటుంది. పైన ఒక రెవెన్యూ స్టాంపు, కింద ఒకటో రెండో వేలిముద్రలు, పక్కన సాక్షుల సంతకాలు. మధ్యలో హద్దులు: తూర్పున ఫలానావారి చెల్క (మెట్ట పొలం), పడమర బండ్ల బాట, ఉత్తరాన వాగు, దక్షిణాన వేపచెట్టున్న గట్టు. చివర్లో "పైకం మొత్తం ముట్టినది, భూమి నేటి నుండి మీ కబ్జాలో ఉన్నది" అన్న మాట. ఇదే సాదా బైనామా. సాదా అంటే మామూలు, బైనామా అంటే అమ్మకపు పత్రం. కబ్జా అంటే ఇక్కడ ఆక్రమణ కాదు, స్వాధీనం. నిజాం కాలం నాటి ఉర్దూ రెవెన్యూ భాష ఊళ్లలో ఇప్పటికీ అలాగే నిలిచిపోయింది.

"భూభారతి వచ్చింది కదా, ఇక మా కాగితానికి పట్టా వస్తుందా?" అన్న ప్రశ్న ఇప్పుడు వేల ఇళ్లలో వినిపిస్తోంది. సమాధానం కొందరికి అవును, చాలామందికి కాదు. ఎందుకలా అన్నది తెలియాలంటే ఈ కాగితాలు ఇన్ని ఎందుకు పుట్టాయో ముందు చూడాలి.

రిజిస్ట్రేషన్ ఎందుకు చేయించుకోలేదు?

దీన్ని అమాయకత్వం అని తేల్చేయడం సరికాదు. హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద 1969 వరకు వ్యవసాయ భూమి అమ్మాలంటే అధికారుల ముందస్తు అనుమతి తీసుకోవాల్సి ఉండేది. ఎకరమో అరెకరమో కొనుక్కునే కూలి మనిషికి ఆ తతంగం అందేది కాదు. ఆ నిబంధన పోయాక కూడా అలవాటు పోలేదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దూరం, స్టాంపు ఖర్చు, పత్రం రాసేవారి ఫీజు, రెండు రోజుల కూలి, ఇవన్నీ కలిస్తే చిన్న కమతానికి మోయలేని భారం. చాలా చోట్ల పట్టా తాత పేరు మీదే ఉండిపోయేది. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని ఎవరి భాగం వారు దున్నుకునేవారు. అలాంటి వాటాను రిజిస్టరు చేయించాలంటే ముందు విరాసత్, అంటే వారసుల పేరుకు పట్టా మార్పు, జరగాలి, అందరూ సంతకం పెట్టాలి. పాలమూరులో ఆ అందరిలో సగం మంది ముంబయిలోనో పుణెలోనో మట్టి పనిలో ఉండేవారు.

అన్నిటికంటే ముఖ్యంగా, పహాణీ అనే ఊరి సాగు రికార్డు భూమి కొన్నవారికి ధీమా ఇచ్చేది. పహాణీలో పట్టాదారు పేరు రాసే కాలం (గడి) ఒకటి, అనుభవదారు, అంటే సాగు చేసేవారి పేరు రాసే కాలం ఒకటి ఉండేవి. పట్టా అమ్మినవారి పేరు మీదే ఉన్నా, సాగు చేసేవారి పేరు ఏటా రెండో కాలంలో ఎక్కేది. పట్వారీల కాలంలోనూ, ఆ తర్వాతా అది కొన్నవారికి ఒక అండ. "పహాణీలో నా పేరుంది" అన్న మాట ఊళ్లో చెల్లేది.

2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2020 అక్టోబరు 29న భూ రికార్డుల ధరణి పోర్టల్ వచ్చింది. ఈ మార్పుల్లో అనుభవదారు కాలం పోయి, రికార్డులో పట్టాదారు ఒక్కరే మిగిలారు. ఇరవై ఏళ్లుగా దున్నుతున్న మనిషి ఒక్కసారిగా రికార్డులో లేకుండా పోయాడు. సాదా బైనామా సమస్య ఇంత ముదరడానికి అసలు మలుపు ఇదే. కాగితం అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. దాని పక్కన ఆసరాగా నిలిచిన రికార్డే పోయింది.

పాస్‌బుక్ లేకపోతే పోయేదేమిటి?

2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు డబ్బు పట్టాదారు పాస్‌బుక్ ఉన్నవారికే అందింది. అమ్మేసి పట్నం వెళ్లిపోయిన కుటుంబానికి పెట్టుబడి సాయం, కొని దున్నుతున్నవారికి ఏమీ లేకపోవడం ఎన్నో ఊళ్లలో కళ్లముందే జరిగింది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన రైతుబీమా కూడా అంతే. రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే ఆ పథకం పాస్‌బుక్‌తో ముడిపడి ఉంది. భూమి ఉండి, సాగు చేస్తూ చనిపోయినా, కాగితం తెల్లకాగితమైతే ఆ ఇంటికి బీమా సొమ్ము రాదు. 2025 జనవరి 26న నారాయణపేట జిల్లా కోస్గి మండలం చంద్రవంచలో ప్రారంభించిన రైతుభరోసా ఎకరాకు ఏటా 12,000 చొప్పున ఇస్తుంది. దానికీ రికార్డే ఆధారం. బ్యాంకులో పంట రుణం సంగతి చెప్పనక్కరలేదు.

దీనికి తోడు భూమి ధర పెరిగింది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చిన చోట, జడ్చర్ల మీదుగా పోయే 44వ జాతీయ రహదారి వెంట, చౌటుప్పల్, ఆమనగల్లు వైపు రీజినల్ రింగ్ రోడ్డు వస్తుందన్న చోట, ఒకప్పుడు వేలల్లో అమ్మిన చెల్క ఇప్పుడు లక్షలు, కోట్లు పలుకుతోంది. ధర లేనంత కాలం మాట మీద నిలబడిన బేరాలు ధర రాగానే కదిలిపోయాయి. అమ్మినాయన పోయాడు. కొడుకులు విరాసత్ చేయించుకుని పాస్‌బుక్ తెచ్చుకున్నారు. ఆ పాస్‌బుక్ చూపించి ఇంకొకరికి రిజిస్ట్రేషన్ చేశారు. కొత్తగా కొన్న మనిషి కడీలు పాతడానికి వచ్చిన రోజే పాత కొనుగోలుదారుకు విషయం తెలుస్తుంది.

కాగితానికి కోర్టులో విలువ ఎంత?

వంద రూపాయలు, అంతకు మించిన విలువున్న స్థిరాస్తిని రిజిస్టరు పత్రంతోనే అమ్మాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెబుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. చేయించకపోతే ఆ పత్రం హక్కును బదిలీ చేయదని, అమ్మకానికి రుజువుగా చెల్లదని అదే చట్టం 49వ సెక్షన్ అంటుంది. కాబట్టి తెల్లకాగితం వల్ల భూమి కొన్నవారి సొంతం కాలేదు. ఇది మింగుడు పడని మాటే గానీ, ఇక్కడ మొదలుపెట్టకపోతే తర్వాతవన్నీ తప్పుదారి పడతాయి.

అలాగని అది చిత్తుకాగితమూ కాదు. 49వ సెక్షన్లోనే ఒక మినహాయింపు ఉంది. రిజిస్టరు కాని పత్రాన్ని ఒప్పంద అమలు కోరే దావాలో ఒప్పందానికి రుజువుగా చూపవచ్చు. అనుబంధ విషయాలకు, అంటే భూమి ఏ తీరుగా, ఎప్పటి నుంచి తమ చేతికి వచ్చిందో చెప్పడానికి వాడుకోవచ్చు. కాకపోతే స్టాంపు చట్టం అడ్డం వస్తుంది. కబ్జా ఇచ్చినట్టు రాసి ఉన్న ఒప్పందాన్ని మన రాష్ట్రంలో స్టాంపు లెక్కకు అమ్మకంగానే చూస్తారు. ఆ మేరకు స్టాంపు లేకపోతే, తక్కువ పడిన సుంకం, దాని మీద పది రెట్ల దాకా జరిమానా కడితేనే కోర్టు ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకుంటుంది. కేసు వేసేముందు ఈ ఖర్చు లెక్క వేసుకోనివారు చాలామంది మధ్యలో ఆగిపోతారు.

ఇక్కడ రెండు అపోహలను విడిగా చెప్పాలి. నోటరీ ముద్ర వేయిస్తే రిజిస్ట్రేషన్ అయినట్టే అన్నది ఒకటి. నోటరీ చేసేది సంతకాన్ని ధ్రువీకరించడమే, భూమిని బదిలీ చేయడం కాదు. జీపీఏ, అంటే తన తరఫున వ్యవహారాలు చూడమని అమ్మేవారు ఇచ్చే అధికార పత్రం, రాయించుకుంటే చాలన్నది రెండోది. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి చేసే అమ్మకాలతో యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

2016 నుంచి 2025 దాకా ఏం జరిగింది?

ఉమ్మడి రాష్ట్రం నాటి 1971 ఆర్వోఆర్ (భూ హక్కుల రికార్డు) చట్టంలో 5-ఎ అనే సెక్షన్ ఉండేది. తహసీల్దారు విచారణ జరిపి సాదా బైనామాను క్రమబద్ధీకరించి 13-బి సర్టిఫికెట్ ఇచ్చేవారు. ఊళ్లలో "పదమూడు బీ" అంటే ఇదే. 2016లో రాష్ట్ర ప్రభుత్వం 2014 జూన్ 2కు ముందు జరిగిన కొనుగోళ్లకు, 5 ఎకరాల వరకు ఉచితంగా ఈ అవకాశం ఇచ్చింది. చాలామంది లబ్ధి పొందారు, చాలామంది మిగిలిపోయారు.

మిగిలినవారి కోసం 2020 అక్టోబరు 12న మళ్లీ దరఖాస్తులు పిలిచారు. మీసేవ ద్వారా పెట్టుకోవాలి. గడువు పొడిగించాక నవంబరు 10న ముగిసింది. ఈ నెల రోజుల మధ్యలోనే చిక్కు వచ్చింది. అక్టోబరు 29న కొత్త ఆర్వోఆర్ చట్టం అమల్లోకి వచ్చి, 1971 చట్టం రద్దయింది. కొత్త చట్టంలో సాదా బైనామా ఊసే లేదు. రద్దయిన చట్టం కింద దరఖాస్తులు ఎలా తీసుకుంటారని హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. నవంబరు 11న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. వచ్చిన సుమారు 9 లక్షల దరఖాస్తుల్లో అక్టోబరు 29కి ముందు పెట్టినవి దాదాపు 2.26 లక్షలు, తర్వాతవి 6.74 లక్షలు. కొత్త చట్టంలో దారి లేక, కోర్టులో కేసు తేలక, మొత్తం కట్టలన్నీ దాదాపు ఐదేళ్లు కదల్లేదు.

ఆ నెల రోజుల గడువు గురించి ఒక మాట చెప్పక తప్పదు. అది కరోనా కాలం. వలస వెళ్లినవారు, మీసేవ కేంద్రం దాకా రాలేని వృద్ధులు, భర్త పోయి కాగితం ఎక్కడుందో తెలియని ఆడవాళ్లు ఆ ముప్పై రోజుల్లో దరఖాస్తు పెట్టలేకపోయారు. అవసరం ఎక్కువగా ఉన్నవారే బయట మిగిలిపోయేలా ఆ గడువు ఉంది.

2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. ముందుగా ప్రయోగాత్మకంగా ఎంచుకున్న నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. ఈ చట్టం 6వ సెక్షన్ పెండింగ్ సాదా బైనామాలకు దారి తెరిచింది. అదే ఏడాది ఆగస్టులో హైకోర్టులోని వ్యాజ్యం ముగియడం, సెప్టెంబరులో ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వడంతో కట్టలు కదలడం మొదలైంది.

ఎవరికి వర్తిస్తుంది?

షరతులు విడివిడిగా కాదు, అన్నీ కలిపి ఉండాలి. కాగితం 2014 జూన్ 2 నాటికి రాసి ఉండాలి. కొన్నవారు చిన్న లేదా సన్నకారు రైతు అయి ఉండాలి. 12 ఏళ్ల అనుభవం చూపించాలి. 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 లోపు దరఖాస్తు పెట్టి ఉండాలి. విచారణ జరిపి నిర్ణయం తీసుకునేది ఇప్పుడు తహసీల్దారు కాదు, ఆర్డీవో. ఆర్డీవో నిర్ణయం నచ్చకపోతే కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు.

కాగితం ఎంత పాతదైనా కొన్ని భూములకు ఈ దారి లేదు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడాన్ని 1977 చట్టం నిషేధించింది. కొన్నా చెల్లదు. పేదల కోసం దానంగా వచ్చిన భూదాన్ భూములు కూడా అమ్మకానికి కావు. 1951లో పోచంపల్లిలో తొలి దానం జరిగిన ఈ ప్రాంతంలో ఆ చిక్కు తక్కువేమీ కాదు. భూపరిమితి చట్టం కింద ప్రభుత్వానికి చేరిన సీలింగు మిగులు భూములదీ ఇదే లెక్క. నల్లమలలో అమ్రాబాద్ వైపు షెడ్యూల్డ్ గ్రామాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీని 1/70 చట్టం ఒప్పుకోదు. సర్వే నంబరు పాత రికార్డులో ఏ రకంగా నమోదైందో ముందే చూసుకుంటే ఏళ్ల తిరుగుడు తప్పుతుంది.

అమ్మినవారు ఒప్పుకోకపోతే?

దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. హక్కు పోయే మనిషికి నోటీసు ఇవ్వకుండా, మాట వినకుండా నిర్ణయం తీసుకోకూడదన్నది న్యాయసూత్రం. కాబట్టి పట్టాదారుకు, లేకుంటే వారసులకు నోటీసు వెళుతుంది. వాళ్లు వచ్చి "మా నాయన అమ్మింది నిజమే" అంటే పని సులువు. "ఆ వేలిముద్ర మా నాయనది కాదు" అంటేనో, "కౌలుకు ఇచ్చాం గానీ అమ్మలేదు" అంటేనో విచారణ బరువెక్కుతుంది.

కౌలు వాదన ముఖ్యంగా ప్రమాదకరం. కౌలుదారుగా ఉన్నవారి అనుభవం యజమాని అనుమతితో వచ్చినదే అవుతుంది, ఎన్నేళ్లున్నా హక్కుగా మారదు. దీన్ని తిప్పికొట్టేది ఇన్నేళ్లూ కౌలు కట్టలేదన్న సంగతి, పాత పహాణీల్లో ఏం రాసి ఉందన్న సంగతి. మూడో మనిషికి ఈలోపు రిజిస్ట్రేషన్ జరిగిపోయి ఉంటే గొడవ ఆర్డీవో దగ్గర తేలేది కాదు, సివిల్ కోర్టుకే వెళ్లాల్సి వస్తుంది.

గడువులో దరఖాస్తు పెట్టనివారి దారి

మొదటిది, ఖర్చు తక్కువది: అమ్మినవారినో వారసులనో ఒప్పించి ఇప్పుడు రిజిస్ట్రేషన్ చేయించుకోవడం. కొంత సొమ్ము అదనంగా అడిగినా, పదేళ్ల కోర్టు ఖర్చుతో పోల్చి చూసుకోవాలి.

రెండోది ఒప్పంద అమలు దావా. దీనికి గడువు మూడేళ్లు. రిజిస్ట్రేషన్‌కు ఫలానా తేదీ అని కాగితంలో ఉంటే ఆ తేదీ నుంచి, తేదీ లేకపోతే అమ్మినవారు చేయనని నిరాకరించినట్టు తెలిసిన రోజు నుంచి లెక్క. ఊళ్లో చాలా కాగితాల్లో తేదీ ఉండదు. అందుకే "చేయను పో" అన్న మాట ఎప్పుడు వచ్చిందన్నది కేసుకు ప్రాణం. ఆ మాట వచ్చాక పెద్దమనుషుల పంచాయితీలో నాలుగేళ్లు గడిపి కోర్టుకు వెళితే దావా మొదట్లోనే పోవచ్చు.

మూడోది పన్నెండేళ్లకు మించిన ప్రతికూల అనుభవం, అంటే యజమాని అనుమతి లేకుండా బాహాటంగా సొంతదానిలా అనుభవించడం, ఆధారంగా హక్కు కోరడం. ఇలా హక్కు వచ్చినవారు దావా కూడా వేయవచ్చని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. పన్నెండేళ్లు దున్నితే చాలు భూమి మనదే అని ఊళ్లలో అనుకుంటారు గానీ విషయం అంత తేలిక కాదు. "ముందు ముందు అమ్ముతా" అన్న ఒప్పందం కింద కబ్జా వచ్చిందంటే అది అనుమతితో వచ్చినట్టు, ప్రతికూలం కాదు. పూర్తి సొమ్ము తీసుకుని, భూమితో సంబంధం తెంచుకుని ఇచ్చేశారంటే వాదనకు బలం ఉంటుంది. కాగితంలో "అమ్మినాను" అని ఉందా, "అమ్మగలవాడను" అని ఉందా అన్న ఒక్క క్రియాపదం దగ్గర కేసు అటో ఇటో తిరగవచ్చు.

బలవంతంగా భూమిలోంచి వెళ్లగొడితే మాత్రం ఒక త్వరిత మార్గం ఉంది. నిర్దిష్ట పరిహార చట్టం (స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్) 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేస్తే, పట్టా ఎవరిదన్న ప్రశ్నతో పని లేకుండా కబ్జా తిరిగి ఇప్పించమని కోరవచ్చు. పోలీసులు "ఇది సివిల్ మ్యాటర్" అని పంపేశాక ఏం చేయాలో తెలియక తిరిగేవారికి ఈ ఆరు నెలలే విలువైనవి.

విచారణకు ఏం పట్టుకెళ్లాలి?

పాత పహాణీ నకళ్లు అన్నిటికంటే ముఖ్యం. అనుభవదారు కాలంలో పేరున్న ఒక్కో ఏడాదీ ఒక్కో సాక్ష్యం. ఇప్పటి పోర్టల్లో అవి కనిపించకపోయినా పాత రిజిస్టర్ల నకళ్లు కోరవచ్చు. తహసీల్దారు ఆఫీసులో "దొరకడం లేదు" అంటే సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. శిస్తు కట్టిన రసీదులు, బోరు కరెంటు బిల్లులు, సహకార సంఘంలో ఎరువులు తీసుకున్న చీటీలు, పంట నష్టం జాబితాలో పేరు, ఇవన్నీ పనికొస్తాయి. 2020 నాటి మీసేవ రసీదు పోతే దరఖాస్తు నంబరు ముందుగా వెతికించుకోవాలి. ఆ నంబరు లేకుండా ఫైలు ఎక్కడుందో తెలియదు.

సాక్షుల విషయంలో ఆలస్యం పనికిరాదు. 1990ల్లో కాగితం మీద సంతకం పెట్టినవారికి ఇప్పుడు డెబ్బై దాటి ఉంటుంది. పక్క పొలాల రైతుల మాటకూ విలువ ఉంటుంది, ఎందుకంటే హద్దుల్లో రాసి ఉన్నది వాళ్ల పేర్లే.

వకీలు ఫీజు భయంతో ఆగిపోయేవారు తెలుసుకోవాల్సింది ఒకటుంది. 1987 న్యాయ సేవల చట్టం కింద మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఆదాయ పరిమితికి లోబడి ఇతర పేదలు కూడా. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు, 15100కు ఫోన్ చేసి అడగవచ్చు.

కొత్తగా దరఖాస్తు పెట్టిస్తామని, పాత తేదీతో ఎక్కిస్తామని డబ్బులు అడిగేవాళ్లు కొన్ని చోట్ల తిరుగుతుంటారు. 2020 గడువు చట్టంలోనే రాసి ఉంది. దాన్ని మార్చాలంటే శాసనసభ చట్టాన్ని సవరించాలి. తహసీల్దారుకు గానీ, ఆర్డీవోకు గానీ, కలెక్టరుకు గానీ ఆ తేదీని ఒక్క రోజు కూడా జరిపే అధికారం లేదు.